డేవిడ్ విలియమ్స్ పరిశోధనలో మనం చదవని సగం

1995లో మిషిగన్ విశ్వవిద్యాలయపు సర్వే బృందం డెట్రాయిట్ నగరమూ దాని శివార్లూ కలిసిన వేన్, ఓక్లాండ్, మకూంబ్ కౌంటీలలో 1,139 మంది పెద్దవాళ్లను కలిసింది. ఆరోగ్యం గురించిన మామూలు ప్రశ్నలతో పాటు, అప్పటిదాకా ఆరోగ్య సర్వేలు పెద్దగా పట్టించుకోని ప్రశ్నలు తొమ్మిది అడిగింది. ఇతరులకు ఇచ్చేంత మర్యాద మీకు ఇవ్వడం లేదా, మీకు తగిన గౌరవం దక్కడం లేదా, హోటల్లోనో దుకాణంలోనో మీ వంతు వచ్చేసరికి సేవ నాసిగా ఉంటోందా, మీకు తెలివి లేదన్నట్టు, మిమ్మల్ని చూస్తే భయమన్నట్టు, మీరు నిజాయితీ లేని మనిషన్నట్టు, తాము మీకంటే పై మెట్టు మీద ఉన్నట్టు ఎదుటివారు ప్రవర్తిస్తున్నారా, మిమ్మల్ని తిడుతున్నారా, బెదిరిస్తున్నారా అన్నవి ఆ ప్రశ్నలు. ఇవి ఎన్నాళ్లకొకసారి జరుగుతున్నాయో చెప్పించుకున్న తరువాతే, దీనికి కారణం ఏమనుకుంటున్నారు, మీ జాతా, వయసా, ఆడవారు కావడమా, మరొకటా అని అడుగుతారు. ఆ వరసలో ఒక జాగ్రత్త ఉంది. జాతి అన్న మాట ముందే ఎత్తితే జవాబులన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి కనుక, ముందు అనుభవాన్ని రాబట్టి కారణాన్ని ఆఖరుకు ఉంచారు.

ఈ ప్రశ్నావళిని తయారుచేసిన సామాజిక ఎపిడెమియాలజిస్టు, అంటే సమాజ పరిస్థితులకూ జబ్బులకూ ఉన్న లంకెను పరిశీలించే శాస్త్రవేత్త, పేరు డేవిడ్ విలియమ్స్. అరూబాలో పుట్టి, సెయింట్ లూసియా దీవిలో పెరిగి, ట్రినిడాడ్‌లో క్రైస్తవ దైవశాస్త్రం చదువుకున్న ఆయన, అమెరికా వచ్చాక ఆ చదువునే మరికొంత కొనసాగించి, ప్రజారోగ్యంలో పట్టా తీసుకుని, 1986లో మిషిగన్‌లో సామాజిక శాస్త్రంలో డాక్టరేటు పొందారు. యేల్‌లో కొన్నేళ్లు, 1992 నుంచి మిషిగన్‌లో పద్నాలుగేళ్లు పనిచేసి, 2006లో హార్వర్డ్ ప్రజారోగ్య విద్యాసంస్థకు వెళ్లారు. ఆయన వైద్యుడు కారు. రక్తపోటు ఎంత ఉందో కొలిచే పనిని ఇతరులకు వదిలి, ఒకే నగరంలో ఒకరి రక్తపోటు ఎందుకు పెరుగుతోంది, మరొకరిది ఎందుకు పెరగడం లేదు అన్న ప్రశ్నను తన వృత్తిగా చేసుకున్నారు.

నేను ఆ సర్వే జరిగిన ఓక్లాండ్ కౌంటీలోనే, నోవైలో ఉంటాను. ఆసుపత్రుల చికిత్స లెక్కలతో పనిచేయడం నా ఉద్యోగం కాబట్టి విలియమ్స్ వ్యాసాలు చాలా ఏళ్లుగా చదువుతున్నాను. ఆయన పనిలో రెండు పాయలున్నాయని నాకు అనిపిస్తుంది. ఒక పాయలో ఆయన మనిషికి రోజూ ఎదురయ్యే చిన్న అవమానాన్ని కొలిచారు. రెండో పాయలో ఎవరు ఎక్కడ నివసించాలో నిర్ణయించిన చట్టాలనూ బ్యాంకు నియమాలనూ ఊరి సరిహద్దులనూ ఆరోగ్య సమస్యగా నిరూపించారు. లోకం మొదటిదాన్ని చేతులు చాచి అందుకుంది. రెండోదాన్ని మెచ్చుకుని పక్కన పెట్టింది. అలా పక్కన పెట్టడంలో నావంటి శివారు తెలుగు కుటుంబాలకు కూడా వాటా ఉందని నా వాదన.

అమెరికాలో నల్లవారు తెల్లవారి కంటే ముందే ఎందుకు చనిపోతున్నారన్న ప్రశ్న విలియమ్స్‌తో మొదలైంది కాదు. 1896లో ప్రుడెన్షియల్ బీమా కంపెనీ గణాంక నిపుణుడు ఫ్రెడరిక్ హాఫ్‌మన్, నల్లజాతివారిలో మరణాలు ఎక్కువగా ఉండటానికి కారణం వారి జాతి లక్షణాలేనని లెక్కలతో సహా ఒక పుస్తకం అచ్చువేశాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే నల్లజాతి సామాజిక శాస్త్రవేత్త డబ్ల్యు.ఇ.బి. డుబాయిస్ ఫిలడెల్ఫియా ఏడో వార్డులో ఇల్లిల్లూ తిరుగుతున్నాడు. సుమారు 2,500 ఇళ్లు తిరిగి 1899లో ఆయన వెలువరించిన అధ్యయనం, ఆ మరణాల వెనుక ఇరుకు గదులు, చెడ్డ మురుగు, తక్కువ కూలి, దొరకని పనులు ఉన్నాయని చూపించింది. హాఫ్‌మన్ చేతిలో మరణాల పట్టిక మాత్రమే ఉంది. డుబాయిస్‌కు ఆ పట్టికలోని మనుషులు ఏ వీధిలో, ఏ గదిలో ఉంటున్నారో కూడా తెలుసు. ఆ తరువాత నూరేళ్ల పాటు ఈ రంగంలో జరిగిన వాదనల్లో చాలా భాగం ఆ ఇద్దరి తగవుకు కొనసాగింపేనని నేను అనుకుంటాను.

హాఫ్‌మన్ వైపు వాదన ఇప్పుడు జన్యువుల పేరుతో వస్తుంది. దానికి నాకు తెలిసినంతలో గట్టి జవాబు షికాగో నుంచి వచ్చింది. రిచర్డ్ డేవిడ్, జేమ్స్ కాలిన్స్ అనే ఇద్దరు శిశు వైద్యులు ఇల్లినాయ్ రాష్ట్రంలోని జనన పత్రాలు తీసుకుని, అమెరికాలో పుట్టిన తెల్ల తల్లులు, అమెరికాలో పుట్టిన నల్ల తల్లులు, ఆఫ్రికాలో పుట్టి ఇక్కడికి వచ్చిన నల్ల తల్లుల బిడ్డల బరువులను పోల్చి 1997లో ప్రచురించారు. తెల్ల తల్లుల బిడ్డల సగటు బరువు 3,446 గ్రాములు, ఆఫ్రికా నుంచి వచ్చిన తల్లుల బిడ్డలది 3,333 గ్రాములు, అమెరికాలోనే పుట్టి పెరిగిన నల్ల తల్లుల బిడ్డలది 3,089 గ్రాములు. పశ్చిమ ఆఫ్రికా వంశవారసత్వమే కారణమైతే, ఆ వారసత్వం ఎక్కువగా ఉన్న ఆఫ్రికా తల్లుల బిడ్డలే అందరికంటే తేలికగా పుట్టాలి. అలా జరగలేదు. నల్ల చర్మంతో అమెరికాలో పెరిగిన బాల్యమూ యౌవనమూ ఆ తల్లి శరీరంలో ఏదో చేస్తున్నాయి.

జన్యువుల మాట వదిలినవారు వెంటనే అడిగే రెండో ప్రశ్న, ఇది పేదరికమే కదా, దీనికి జాతి పేరు ఎందుకు అని. విలియమ్స్ తన వృత్తి జీవితంలో ఎక్కువ ఓపిక ఖర్చుపెట్టింది ఈ ప్రశ్న మీదే. ఆదాయం, చదువు ముఖ్యం కావని ఆయన ఎన్నడూ అనలేదు. తెల్లవారిలోనైనా నల్లవారిలోనైనా చదువు పెరిగేకొద్దీ ఆయుష్షు పెరుగుతుందని ముందే ఒప్పుకుంటారు. అయితే ఒకే మెట్టు మీద ఉన్న ఇద్దరిని పోల్చినప్పుడు కూడా తేడా మిగిలే ఉంటుందని, కాలేజీ పట్టా ఉన్న నల్లవారి కంటే హైస్కూలుతో ఆగిపోయిన తెల్లవారు ఎక్కువ కాలం బతికిన లెక్కలు ఉన్నాయని చూపిస్తారు. పైగా ఒకే జీతం అంటే ఒకే స్థితి కాదు. 2019లో అమెరికా కేంద్ర బ్యాంకు లెక్క ప్రకారం ఆస్తుల వరసలో సరిగ్గా మధ్యన నిలిచే తెల్ల కుటుంబపు ఆస్తి 1,88,200 డాలర్లు, నల్ల కుటుంబానిది 24,100 డాలర్లు. జీతం ఆగిపోయిన నెలలో మనిషిని నిలబెట్టేది ఆస్తి. అమెరికాలో సామాన్యుడి ఆస్తి అంటే ఎక్కువ భాగం ఇల్లే. ఆ ఇల్లు ఎక్కడ కొనగలిగాడు, ఎక్కడ కొననివ్వలేదు అన్న ప్రశ్న దగ్గరికి మళ్లీ వస్తాం.

ముందు తొమ్మిది ప్రశ్నల సంగతి. 1997లో విలియమ్స్, యాన్ యూ, జేమ్స్ జాక్సన్, నార్మన్ ఆండర్సన్ కలిసి డెట్రాయిట్ ఫలితాలు ప్రచురించినప్పుడు, చదువునూ ఆదాయాన్నీ లెక్కలోకి తీసుకున్నాక మిగిలిన తేడాలో కొంత భాగాన్ని వివక్ష, ఒత్తిడి వివరిస్తున్నాయని తేలింది. పెద్ద అన్యాయాలను, అంటే ఉద్యోగం నుంచి తీసేయడం, పోలీసులు ఆపి కొట్టడం వంటివాటిని, ఆ సర్వే విడిగా అడిగింది. శరీరం మీద చిన్నవాటి ప్రభావం పెద్దవాటికి తీసిపోదన్నది ఆ పనిలోని కొత్తదనం. నెదర్లాండ్స్‌లోనూ కాలిఫోర్నియాలోనూ నల్ల స్త్రీలతో సుదీర్ఘంగా మాట్లాడిన ఫిలొమినా ఎస్సెడ్ పరిశోధన నుంచి ఈ ఆలోచన తీసుకున్నామని వారే చెప్పుకున్నారు. ఆ తరువాత ఈ ప్రశ్నావళి ఎన్ని అధ్యయనాల్లోకి వెళ్లిందో లెక్క పెట్టడం కష్టం. నిద్ర, రక్తపోటు, నెలలు నిండని కాన్పులు, ఒంట్లో వాపు సూచికలు, ఇలా ప్రతిదానితోనూ దాన్ని పోల్చి చూశారు. 2006లో టెనె లూయిస్ బృందం, ఏళ్ల తరబడి ఇటువంటి వివక్షను చవిచూసిన నల్ల స్త్రీల గుండె ధమనుల్లో సున్నం పేరుకోవడం ఎక్కువగా ఉందని చూపించింది. మిషిగన్‌లోనే పనిచేసిన ఆర్లీన్ జెరోనిమస్, 1992 నుంచీ, నిరంతర ఒత్తిడి వల్ల నల్ల స్త్రీల శరీరాలు వయసు కంటే ముందే అరిగిపోతున్నాయని వాదిస్తూ వచ్చారు. ఈ రెండు పరిశోధనలూ ఒకదానికొకటి బలం చేకూర్చాయి.

ఈ కొలతకు ఒక లోపం ఉంది. విమర్శకుల కంటే ముందు ఈ రంగంలోని వారే దాన్ని పట్టుకున్నారు. 1996లో నాన్సీ క్రీగర్, స్టీఫెన్ సిడ్నీ యువతీ యువకుల మీద జరిగిన ఒక పెద్ద అధ్యయనాన్ని పరిశీలించినప్పుడు, కూలి పనులు, చిన్న ఉద్యోగాలు చేసే నల్లవారిలో తమకు ఎన్నడూ వివక్ష ఎదురుకాలేదని చెప్పినవారి రక్తపోటు, ఒకటి రెండు సందర్భాల్లో ఎదురైందని చెప్పినవారి కంటే ఎక్కువగా ఉందని కనిపించింది. బయటకు చెప్పలేకపోయినవారూ, చెప్పుకుని ఏం లాభమని సరిపెట్టుకున్నవారూ, దాన్ని లోకరీతి అనుకుని గుర్తించడమే మానేసినవారూ ఆ లేదు అన్న జవాబులో కలిసి ఉన్నారు. మరోవైపు చదువుకున్న నల్లవారు చదువులేనివారి కంటే ఎక్కువ వివక్షను నమోదు చేస్తారు. తెల్లవారి మధ్య పనిచేసేది వాళ్లు కాబట్టి, తమకు రావలసింది ఏమిటో తెలిసినవాళ్లు కాబట్టి ఇందులో వింత లేదు. కానీ నల్లవారు తప్ప మరొకరు ఉండని పేటలో, మూతపడిన కర్మాగారం పక్కన, తనను అవమానించడానికి తెల్లవాడు ఒక్కడు కూడా ఎదురుపడకుండా రోజులు గడిపే మనిషికి ఈ తొమ్మిది ప్రశ్నల్లో తక్కువ మార్కులు రావచ్చు. అతని ఆయుష్షు మాత్రం అందరికంటే ముందు తగ్గిపోతుంది.

విలియమ్స్‌కు ఇది తెలియకపోలేదు. అందుకే 2001లో చికీటా కాలిన్స్‌తో కలిసి రాసిన వ్యాసంలో, జాతుల మధ్య ఆరోగ్య అసమానతలకు మూల కారణం నివాస వేర్పాటేనని సూటిగా ప్రకటించారు. మనిషి ఎక్కడ ఉంటాడన్నది అతని పిల్లలు ఏ బడికి వెళతారో, అతనికి ఎంత దూరంలో పని దొరుకుతుందో, ఇంటి విలువ పెరుగుతుందో తరుగుతుందో, పక్కన కూరగాయల దుకాణం ఉంటుందో మద్యం దుకాణం ఉంటుందో, రాత్రి నడవగలిగే కాలిబాట ఉంటుందో లేదో నిర్ణయిస్తుంది. ఆయన తరచు ఉదహరించే ఒక పరిశీలన రాబర్ట్ శాంప్సన్, విలియమ్ జూలియస్ విల్సన్ చేసింది. అమెరికాలోని 171 పెద్ద నగరాల్లో, తెల్లవారూ నల్లవారూ ఒకే స్థాయి పేదరికంలో, ఒకే రకమైన కుటుంబ పరిస్థితుల్లో నివసిస్తున్న నగరం ఒక్కటి కూడా వారికి దొరకలేదు. తెల్లవారు ఉండే అన్నిటికంటే అధ్వాన్నమైన పేట సైతం నల్లవారి సగటు పేట కంటే మెరుగ్గానే ఉంది. ఒకే ఆదాయం ఉన్న ఇద్దరిని పోల్చామని గణాంకాల్లో రాసుకున్నంత మాత్రాన వాళ్లు ఒకే చోట బతుకుతున్నట్టు కాదు.

దీన్ని డెట్రాయిట్‌లో కంటితో చూడవచ్చు. నగరపు ఉత్తర సరిహద్దు ఎయిట్ మైల్ రోడ్డుకు కాస్త దక్షిణంగా, ఆరడుగుల ఎత్తున, అర మైలు పొడవున ఒక కాంక్రీటు గోడ ఇళ్ల పెరళ్ల వెంట సాగిపోతుంది. 1941లో ఒక ఇళ్ల వ్యాపారి నల్లవారి పేట పక్కన తెల్లవారి కోసం కొత్త ఇళ్లు కట్టబోతే, కేంద్ర గృహరుణ సంస్థ ఆ రుణాలకు హామీ ఇవ్వనంది. రెండు పేటల మధ్య గోడ కట్టాక హామీ ఇచ్చింది. అంతకు కొన్నేళ్ల ముందే మరో కేంద్ర సంస్థ రెండు వందలకు పైగా నగరాల పటాలు గీయించి, నల్లవారు ఉన్న పేటలకు ఎరుపు రంగు పులిమి, అప్పు ఇవ్వడానికి ప్రమాదకరం అని రాసి పెట్టింది. ఆ పటాలే అప్పులను ఆపాయా, ఎలాగూ ఆగిపోయిన అప్పులను అవి నమోదు మాత్రమే చేశాయా అని చరిత్రకారులు ఇప్పటికీ తగవులాడుకుంటున్నారు. ఆ తగవు మంచిదే. గోడ విషయంలో మాత్రం తగవుకు చోటు లేదు. ఇప్పటికీ అక్కడే ఉంది, దాని మీద పిల్లల బొమ్మలు వేసి ఉన్నాయి.

తరువాతి కాలంలో గోడలు కట్టవలసిన అవసరం రాలేదు. 1950లలో బ్లాక్ బాటమ్ అనే పేటను పునర్నిర్మాణం పేరుతో పడగొట్టారు. నల్లవారి వ్యాపారాలతో, క్లబ్బులతో, డాక్టర్ల గదులతో కళకళలాడిన హేస్టింగ్స్ వీధి మీదుగా ఎక్స్‌ప్రెస్ రహదారి వేశారు. అక్కడి వారిలో అద్దెకున్నవారే ఎక్కువ కాబట్టి పరిహారం దక్కినవారు తక్కువ. 1974లో మిలికెన్ కేసులో సుప్రీంకోర్టు, డెట్రాయిట్ బడుల వేర్పాటును సరిదిద్దడానికి 53 శివారు స్కూల్ డిస్ట్రిక్టులను, అంటే బడులను నడిపే స్థానిక మండలాలను, కలుపుకోవాలన్న కింది కోర్టు ఆదేశాన్ని 5-4 తేడాతో కొట్టేసింది. ఆ రోజు నుంచి స్కూల్ డిస్ట్రిక్టు సరిహద్దు చట్టం దాటలేని గీత అయింది. ఆ గీతకు ఇవతల ఇళ్ల ధరలు పెరిగాయి, అవతల పడిపోయాయి. ఇవతల పన్ను వసూళ్లు పెరిగి ఆటస్థలాలూ గ్రంథాలయాలూ వచ్చాయి, అవతల 2014లో బిల్లు కట్టలేని వేల ఇళ్లకు నీళ్లు ఆపేశారు. 2020 మార్చిలో, చేతులు కడుక్కోండి అని దేశమంతా చెబుతున్న వేళ, ఆ కనెక్షన్లు తిరిగి ఇమ్మని గవర్నరు ఉత్తర్వు జారీ చేయవలసి వచ్చింది. ఆ వసంతంలో మిషిగన్ జనాభాలో 14 శాతంగా ఉన్న నల్లవారు కోవిడ్ మరణాల్లో సుమారు 40 శాతంగా ఉన్నారు. వ్యాధి కొత్తది కాబట్టి ముందే ఉన్న తేడాలను అది ఎవరూ కాదనలేనంత స్పష్టంగా బయటపెట్టింది.

ఇక్కడ నిజాయితీగా ఎదుర్కోవలసిన ఆక్షేపణ ఒకటుంది. పేటలు మనుషులను జబ్బు చేయిస్తున్నాయా, జబ్బుతో పేదలైనవాళ్లే చౌక పేటలకు చేరుతున్నారా? సర్వేల ఆధారంగా దీన్ని తేల్చడం కష్టం. 1994లో కేంద్ర ప్రభుత్వం బాల్టిమోర్, బోస్టన్, షికాగో, లాస్ ఏంజెలెస్, న్యూయార్క్ నగరాల్లో సుమారు 4,600 పేద కుటుంబాలతో ఒక ప్రయోగం మొదలుపెట్టింది. లాటరీలో కొందరికి పేదరికం తక్కువ ఉన్న పేటకు మారడానికి అద్దె సాయం దక్కింది, మిగిలిన కొందరికి దక్కలేదు. పది పదిహేనేళ్ల తరువాత చూస్తే, మారే అవకాశం దక్కిన స్త్రీలలో తీవ్ర స్థూలకాయమూ షుగరు వ్యాధీ తక్కువగా ఉన్నాయి. మందు ఇవ్వలేదు, ఆహార నియమాలు చెప్పలేదు, వారి ఆదాయం కూడా చెప్పుకోదగినంతగా పెరగలేదు. మారింది చిరునామా ఒక్కటే. పదమూడేళ్లలోపు వయసులో మారిన పిల్లలు పెద్దయ్యాక ఎక్కువ సంపాదించారని ఆర్థికవేత్త రాజ్ చెట్టి బృందం తరువాత చూపించింది. అయితే అదే ప్రయోగంలో మారిన మగపిల్లలలో కుంగుబాటు, ప్రవర్తనా సమస్యలు పెరిగాయని కూడా తేలింది. ఈ రెండో ఫలితాన్ని దాచిపెట్టి మొదటిదాన్ని మాత్రమే చెప్పేవారిని చూస్తే నాకు చిరాకు. నల్ల కుర్రవాడు కొత్త పేటకు మారినప్పుడు అతనికి మంచి కాలిబాట దొరుకుతుంది, ఆ కాలిబాట మీద అతన్ని అనుమానంగా చూసే కళ్లు కూడా దొరుకుతాయి. అంటే తొమ్మిది ప్రశ్నలు అవసరం లేదని నేను అనడం లేదు. ఎవరు ఎక్కడ ఉంటున్నారో చూపే పటం లేకుండా అవి అర్థం కావని అంటున్నాను.

మరి లోకం ప్రశ్నలనే ఎందుకు ఆదరించింది? అవి చౌక. ఏ సర్వేకైనా ఐదు నిమిషాల్లో జతచేయవచ్చు. వాటి నుంచి పుట్టే పరిష్కారం కూడా చౌకే. సిబ్బందికి మర్యాద నేర్పండి, మనసులో దాగిన పక్షపాతం మీద శిక్షణ పెట్టండి అంటే ఏ ఆసుపత్రి అయినా సంతోషంగా చేస్తుంది. నా ఉద్యోగంలో భాగంగా నేనూ అటువంటి శిక్షణలకు కూర్చున్నాను. చెప్పినవారి చిత్తశుద్ధిని శంకించను. వైద్యంలో వివక్ష ఉన్నమాట కూడా నిజమే. 1993లో లాస్ ఏంజెలెస్‌లోని ఒక పెద్ద ఆసుపత్రి అత్యవసర విభాగంలో, ఎముక విరిగి వచ్చినవారిలో నొప్పి మందు అసలు అందని హిస్పానిక్ రోగులు, తెల్లవారితో పోలిస్తే రెట్టింపు ఉన్నారని తేలింది. అలాంటి చోట శిక్షణ కొంత పనిచేయవచ్చు. కానీ రోగి ఆసుపత్రి గుమ్మం ఎక్కేసరికే ముప్పై నలభై ఏళ్ల అరుగుదల అతనితో వస్తుంది. దాన్ని తగ్గించాలంటే ఇళ్ల స్థలాల నియమాలు, బడి నిధులు, బస్సు మార్గాలు, పన్నుల పంపకం మార్చాలి. మర్యాద పెంచితే ఎవరూ ఏమీ పోగొట్టుకోరు. సరిహద్దు మారిస్తే కొందరి ఇంటి విలువ తగ్గుతుంది. ఆ కొందరిలో మేమూ ఉన్నాం.

1965 వలస చట్టం మా పెద్దలకు తలుపు తీసింది. 1968లో వచ్చిన గృహ సమానత్వ చట్టం వారు కోరుకున్న శివారులో ఇల్లు కొనుక్కునే హక్కును చట్టబద్ధం చేసింది. రెండూ నల్లవారి పౌరహక్కుల పోరాటం నడిచిన కాలపు ఫలాలే. ఆ పోరాటం చేసినవారి మనవలు ఇప్పటికీ ఎయిట్ మైల్‌కు అవతలే ఎక్కువమంది ఉన్నారు. నోవై, ట్రాయ్, కాంటన్‌లకు కొత్తగా వచ్చే తెలుగు కుటుంబం ఇల్లు చూసేటప్పుడు మొదట అడిగేది స్కూల్ డిస్ట్రిక్టు గురించే. తల్లిదండ్రులు పిల్లల చదువు చూసుకోవడంలో తప్పేముంది అని మిత్రులు నన్ను నిలదీస్తారు. తప్పు లేదు, నేనూ అదే చేశాను, మళ్లీ చేయవలసి వచ్చినా చేస్తాను. నేను అభ్యంతరం చెప్పేది ఆ తరువాత మనం అల్లుకునే కథకు. మనం కష్టపడ్డాం కనుక ఇక్కడున్నాం, వాళ్లు కష్టపడలేదు కనుక అక్కడున్నారు అనే కథ దేవాలయం మెట్ల మీద, పుట్టినరోజు విందుల్లో, ఎంత తేలికగా దొర్లిపోతుందో విన్నవారికి తెలుసు. సీసా పట్టుకున్న మనిషి, పొగతాగే మనిషి, వ్యాయామం చేయని మనిషి అని జాబితా చదివి వారి జబ్బులకు వారినే బాధ్యులను చేస్తాం. 1896 నాటి హాఫ్‌మన్ వాదన మనదాకా మరో రూపంలో చేరింది, అంతే.

ఈ విషయంలో తెలుగువారికి ఎవరూ కొత్తగా పాఠం చెప్పనక్కరలేదు. ఊరికి ఏ దిక్కున ఎవరి వాడ ఉంటుందో, మంచినీళ్ల బావి ఏ పక్కన ఉండేదో మన తాతల తరానికి తెలుసు. నగరాలకు వచ్చాక అది పోయిందనుకుంటాం. 2001 జనాభా లెక్కల్లోని వార్డు వివరాలతో హైదరాబాదు సహా ఏడు పెద్ద భారతీయ నగరాలను పరిశీలించిన ఒక అధ్యయనం, ఆర్థిక స్థితిని బట్టి ఉన్న వేర్పాటు కంటే కులాన్ని బట్టి ఉన్న వేర్పాటే ఎక్కువని చూపింది. విలియమ్స్ ప్రశ్నలు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు కూడా చేరాయి. 45 ఏళ్లు దాటినవారూ వారి జీవిత భాగస్వాములూ కలిపి 72 వేలకు పైగా భారతీయులతో 2017-18లో జరిగిన జాతీయ వార్ధక్య అధ్యయనంలో ఆ ప్రశ్నావళి పొట్టి రూపం ఉంది, కారణాల జాబితాలో కులం, మతం చేరాయి. సంతోషించవలసిన సంగతే. కానీ ఇక్కడ కూడా ముందు చేరింది ప్రశ్నలే. వాడకూ రక్తపోటుకూ, వార్డుకూ ఆయుష్షుకూ ఉన్న లంకెను అంత శ్రద్ధగా గీసిన పటాలు మనకు ఇంకా రావలసి ఉంది. నాన్సీ క్రీగర్ పట్టుకున్న ఆ లేదు అన్న జవాబు మన దగ్గర ఎంత విస్తారంగా ఉంటుందో ఊహించడం కష్టమేమీ కాదు. మర్యాద దక్కడం లేదా అని అడిగితే, మాకేం తక్కువ బాబూ, అందరూ బాగానే చూస్తారు అని చెప్పే పెద్దలను నేను చాలామందిని ఎరుగుదును. వారిలో కొందరు ఇప్పటికీ ఎదుటివారి ఇంట్లో కుర్చీ అంచున కూర్చుంటారు.

విలియమ్స్ మీద నాకున్న ఒక అసంతృప్తి కూడా చెప్పాలి. ఆయన ప్రసంగాలు వినేవారిని నొప్పించవు. దైవశాస్త్రం చదివిన మనిషి కదా, సభను కలుపుకుపోయే గొంతు ఆయనది. సంఖ్యలు చెబుతారు, కన్నీళ్లు తెప్పిస్తారు, చివరికి ప్రతి ఒక్కరిలో ఉన్న మంచితనం మీద భారం వేస్తారు. 2001 వ్యాసంలోని కాఠిన్యం ఆ వేదికల మీద కొంత పలచబడుతుంది. కానీ నలభై ఏళ్లుగా ఈ మాట చెబుతూ, దాని కోసం నిధులు తెచ్చుకుంటూ, ఆ నిధులతో ఒక తరం పరిశోధకులను తయారుచేసిన మనిషికి ఆ మెత్తదనం వ్యూహం కావచ్చు. పోలీసుల చేతిలో నిరాయుధులైన నల్లవారు చనిపోయిన తరువాతి నెలల్లో అదే రాష్ట్రంలోని ఇతర నల్లవారి మానసిక ఆరోగ్యం దిగజారుతోందని, తెల్లవారి విషయంలో అటువంటి మార్పు లేదని 2018లో నిరూపించిన వ్యాసంలో ఆయన సహరచయిత. చెప్పవలసినప్పుడు సూటిగా చెప్పగలరు. వినేవారు దాని నుంచి ఏం ఏరుకుంటారన్నది ఆయన చేతిలో లేదు.

మా ఊరి విషయానికి వస్తే, నోవై చాలా ఏళ్లు శివారు బస్సుల వ్యవస్థలో చేరలేదు. పన్ను భారం వద్దనుకున్న ఊళ్లు చేరకుండా ఉండే వీలుండేది, కౌంటీలోని చాలా ఊళ్లు ఆ వీలును వాడుకున్నాయి. కారు లేని డెట్రాయిట్ మనిషి ఇక్కడి ఆసుపత్రిలో, గోదాములో, మాల్‌లో ఉద్యోగం దొరికినా రాలేకపోయేవాడు. 2016లో నాలుగు కౌంటీలకు కలిపి ప్రజారవాణా పన్ను పెట్టాలన్న ప్రతిపాదన స్వల్ప తేడాతో ఓడిపోయింది. 2022 నవంబరులో ఓక్లాండ్ కౌంటీ ఓటర్లు కౌంటీ మొత్తానికీ వర్తించే పన్నును ఆమోదించారు, విడిగా ఉండిపోయే వీలును తీసేశారు. ఆ ఎన్నికల ముందు మా తెలుగు వాట్సాప్ బృందాల్లో జరిగిన చర్చంతా ఇంటికి ఏడాదికి ఎంత పడుతుందన్న లెక్కతోనే సాగింది. అది ఆరోగ్యానికి సంబంధించిన ఓటు అన్న మాట నాతో సహా ఒకరిద్దరమే అన్నాం, ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. బస్సులు ఇప్పుడు వస్తున్నాయి. ఆ మార్గాల వెంట ఉన్న పేటల్లో పదేళ్ల తరువాత షుగరు, రక్తపోటు లెక్కలు ఎలా మారాయో చూడాలంటే, బస్సులు రాకముందు పేటవారీగా ఆ లెక్కలు ఎలా ఉండేవో ఎవరైనా ఇప్పుడే సేకరించి పెట్టాలి. ఆ లెక్కలు ఆసుపత్రుల దగ్గర ఉన్నాయి. కాబట్టి ఈ పని నాబోటి వాళ్ల బల్ల మీద ఉన్నట్టే.